పాటల దేశంలో మా బాపు

మన సినిమాల్లో గ్రీసు దేశం ఎంతసేపు ఉంటుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఒక పల్లవి, రెండు చరణాలు.. మహా అయితే అయిదు నిమిషాలు! తెల్లటి మెట్ల మీద హీరోయిన్ పరుగెడుతుంది, వెనకాల నీలం సముద్రం, పాట అయిపోగానే మళ్లీ మన ఊరే. 2003లో 'చల్తే చల్తే' హిందీ సినిమాలో షారుఖ్‌ఖాన్, రాణీ ముఖర్జీ ఏథెన్సులోనూ, మికొనోస్ దీవిలోనూ తిరుగుతుంటే నోరు తెరుచుకుని చూసిన కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పుడు నేను బడి పిల్లవాణ్ణి. మా బాపు దుబాయిలో ఉన్నాడు.

అన్నట్టు, మా జగిత్యాల వైపు 'దుబాయి' అంటే ఒక్క ఊరి పేరు కాదు. మస్కట్ వెళ్లినా, కువైట్ వెళ్లినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. మా బాపు మాత్రం నిజంగా దుబాయికే వెళ్లాడు. 1998లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లినవాడు 2016లో తిరిగొచ్చాడు. పద్ధెనిమిదేళ్లు! పెద్ద పెద్ద బిల్డింగులకు స్కఫోల్డింగు కట్టే పని. ఓ రోజు భోజనాల దగ్గర అడిగాను.

"దుబాయంతా చూసినవ్ గదా బాపూ?"

"కట్టిన గాని, సూడలే బిడ్డా."

ఆ మాట ముద్ద మింగనివ్వలేదు. బాపును ఒక్కసారైనా ఊరికే చూడటానికి విదేశానికి తీసుకుపోవాలని ఆ రోజే అనుకున్నాను. ఏ దేశమంటే నాకు తెలిసింది పాటల దేశమేగా!

బాపు ఒప్పుకుంటేనా? "గా పైసలతోని బోరు ఏపిత్తే రెండు పంటలు పండుతయ్" అన్నాడు. చివరికి అవ్వే గట్టిగా చెప్పింది: "నన్ను ఏములాడ తీస్కపోతే సాలు. మీరు పోయి రాండ్రి." అవ్వకు మోకాళ్ల నొప్పులు. అంత దూరం రాలేనంది.

ఇక ఖర్చు సంగతి. వీసాకు మనిషికి 90 యూరోలు. 2024 జూన్ నుంచి ఆ రేటు. ముప్ఫయి వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్సు కాగితం తప్పనిసరి. నవంబరులో రద్దీ తగ్గుతుంది, టిక్కెట్లూ దిగుతాయి. అందుకని ఆ ఏడు దీపావళి వెళ్లిన మర్నాడు బయల్దేరాం. సంచీలో అవ్వ చేసిన సర్వపిండి, మురుకులు, మామిడికాయ తొక్కు, అయిదు కిలోల బియ్యం!

దుబాయిలో విమానం మారాలి. దిగగానే బాపు అలవాటుగా పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని బయటికి వెళ్లే జనం వెంట నడిచాడు. "అటు కాదు బాపూ, మనం బయటికి పోతలేము" అన్నాను. ఆయన ఆగిపోయి ఆ వైపే చూశాడు. ఒకే రంగు టోపీలు పెట్టుకుని, చేతిలో కవర్లు పట్టుకుని ఇరవై మంది కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. "మొదటిసారి అచ్చినట్టుండ్రు" అన్నాడు బాపు. ఆ తర్వాత విమానం ఎక్కేదాకా మాట్లాడలేదు.

ఏథెన్సులో ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి మెట్రో రైలు కంటే ఎక్స్-95 నంబరు బస్సు చవక, అయిదున్నర యూరోలు. ఒమోనియా చౌరస్తా దగ్గర ఒక హాస్టల్లో రెండు పడకలు తీసుకున్నాను. పడక ఒక్కింటికి రోజుకు 20 యూరోలు, వంటగది ఉచితం. భలే బేరం కుదిర్చానని మురిసిపోతూ తలుపు తీశాను. గదిలో ఒకదానిమీద ఒకటి ఆరు ఇనుప మంచాలు!

బాపు గుమ్మంలోనే ఆగాడు. "ఏందిరా, మల్లా క్యాంపుకే తెచ్చినవా?"

నా తల తిరిగిపోయింది. ఈ మాట నాకు ముందే ఎందుకు తోచలేదు? వేరే గది చూస్తానన్నాను. బాపు వినలేదు. కింది మంచం తీసుకుని, పై మంచం కడ్డీకి తువ్వాలు తగిలించి తెర చేశాడు. బూట్లు మంచం కిందికి తోసి, సంచీ తలకింద పెట్టుకున్నాడు. అంతా రెండు నిమిషాల పని. పద్ధెనిమిదేళ్ల అలవాటు మరి! అది చూసి పక్క మంచం మీది తెల్లదొరల పిల్ల నవ్వి, తనూ తువ్వాలు కట్టుకుంది. "గీ పోరగాండ్లు పైసలిచ్చి మరీ గిట్ల పంటరా!" అని బాపు ఆశ్చర్యపోయాడు.

మర్నాడు నవంబరు 3, ఆదివారం. ఇది గుర్తుపెట్టుకోండి: నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడి ప్రభుత్వ పురావస్తు స్థలాల్లో ప్రవేశం ఉచితం. అక్రోపొలిస్ కొండ కూడా అందులో ఉంది. క్రీస్తుపూర్వం 447లో మొదలుపెట్టి 432 నాటికి పూర్తిచేసిన పార్థెనాన్ గుడి ఎదుట నిలబడి నాకొచ్చిన చరిత్రంతా ఏకరువు పెట్టాను. బాపు వింటేనా? గుడికి బాగుచేత పనులు చాలా ఏళ్లుగా సాగుతున్నాయి. ముందు భాగానికి ఇనుప పైపులు కట్టి ఉన్నాయి. ఆయన చూపంతా వాటి మీదే!

"మంచిగ కట్టిండ్రు. రాయికి యాడ తగులకుంట ఇడిసిపెట్టిండ్రు సూడు. గిది కట్టినోడు పనోడు."

నాకు కనిపించనిది ఆయనకు కనిపించింది. సినిమా చూసొచ్చి హీరో సంగతి మాట్లాడే మనకు, పైన లైట్లు పట్టుకున్నవాడు కనబడడు కదా! అలాంటిదే అనుకోండి.

ఒమోనియా వెనక సందుల్లో బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్ల కిరాణా కొట్లున్నాయి. కందిపప్పు, పచ్చిమిర్చి, చింతపండు అన్నీ దొరుకుతాయి. అక్కడ నేను ఇంగ్లీషులో నీళ్లు నములుతుంటే బాపు తన దుబాయి హిందీలో ఒక బంగ్లాదేశ్ అబ్బాయితో అరగంట మాట్లాడాడు. ఇంటికి ఎంత పంపుతున్నావు, అప్పు తీరిందా, ఎన్నేళ్లయింది పోయి.. ఇవీ ప్రశ్నలు! ఆ పూట హాస్టల్లో పచ్చిపులుసు కాచుకున్నాం. ఇద్దరికీ కలిపి రోజు తిండి ఖర్చు 15 యూరోలు దాటలేదు.

ఇక దీవుల ముచ్చట. ఏథెన్సు నుంచి ఒక్కరోజులో హైడ్రా, పోరోస్, ఎజీనా దీవులు మూడూ చూపించి, ఓడలోనే భోజనం పెట్టి తీసుకొచ్చే విహార యాత్రలున్నాయి. మేమడిగిన చోట మనిషికి వంద యూరోలు దాటింది. బాపు ముఖం చూసి నేను మానేశాను. దానికి బదులు మామూలు జనం ఎక్కే ఫెర్రీ ఉంది. ఒమోనియా నుంచి పిరేయస్ రేవుకు మెట్రోలో యూరో ఇరవై సెంట్లు. 1960లో వచ్చిన 'నెవర్ ఆన్ సండే' సినిమా కథంతా ఈ రేవులోనే. అందులో నటించిన మెలీనా మెర్కూరీ 1981లో ఆ దేశానికి సాంస్కృతిక మంత్రి అయింది. ఇదంతా బాపుకు చెబుతూ టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్లి జేబులో చెయ్యి పెట్టాను.

"ఉండు. గీ టిక్కెట్లు నావి" అన్నాడు బాపు. చొక్కా లోపలి జేబులోంచి యూరో నోట్లు తీశాడు.

"నీకెక్కడివి బాపూ?"

పొద్దున నేను నిద్రలో ఉండగా ఆ బంగ్లాదేశ్ అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి వంద దిర్హాముల నోటు మార్పించాడట. ఇరవై మూడు యూరోలు వచ్చాయట. ఆ నోటు ఇనుప పెట్టెలో ఎనిమిదేళ్లుగా ఉందని నాకు తెలియదు.

"మల్లా పోవాల్సత్తదేమో అని దాచిన. దిగంగనే క్యాంపు దాక పోవడానికన్న ఉంటయని." కాసేపాగి అన్నాడు, "ఇగ పోను గదా."

ఎజీనాకు గంటంబావు ప్రయాణం. బాపు లోపల కూర్చోలేదు. డెక్కు మీద కమ్మీ పట్టుకుని నిలబడి, అవ్వను లగ్గం చేసుకుని లక్షెట్టిపేట దిక్కు నుంచి పడవలో గంగ దాటించి తెచ్చిన సంగతి చెప్పాడు. మాకు గోదావరే గంగ. ఆనాడు పడవ నీళ్లలోకి రూపాయి వేశాడట. టిక్కెట్ల తాలూకు చిల్లర జేబులో ఉంటే ఒక సెంటు తీసి సముద్రంలోకి విసిరి దండం పెట్టాడు.

రేవుకు దగ్గరవుతుంటే అపొలో గుడి మిగిల్చిన ఒంటి స్తంభం కనిపించింది. పూర్వం ఈ దీవి నాణేల మీద తాబేలు బొమ్మ ఉండేది. 1828లో కొత్త గ్రీసుకు మొదటి రాజధాని ఇదే. ఇప్పుడు పిస్తా పప్పుకు పేరు. రేవు గట్టు మీద కూర్చుని సర్వపిండి తిన్నాం. అవ్వకని పావుకిలో పిస్తా కొన్నాడు బాపు. సాయంత్రం దాకా ఏమీ చేయలేదు. ఓడలు వస్తుంటే, పోతుంటే చూశాం, అంతే! ఆయన అలా పనిలేకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

విమానం, వీసాలు, తిండి, పడక అన్నీ కలిపి ఇద్దరికీ లక్షా డెబ్బయి వేలయింది. బోరు ఇంకా వేయించలేదు.

తిరిగొచ్చి జగిత్యాల బస్టాండులో దిగాం. తెలిసినాయన ఎదురై సామాను చూసి పలకరించాడు: "మల్లా దుబాయి పోయినవానే?"

"లే" అన్నాడు బాపు. "సముద్రం సూసి అచ్చిన."