వెల చెవికి వినబడునా?

వెల హెచ్చయినచో గుణమును హెచ్చుగ నుండునను నమ్మిక మన యిండ్లలో చిరకాలముగ నున్నది. పట్టుచీర, బియ్యము, నేయి మున్నగువాని విషయమున నీ నమ్మిక చాలవరకు సత్యమే. అట్టి వస్తువులను తడిమియో, రుచి చూచియో మనము తేల్చుకొనగలము. కాని చెవికి సంబంధించిన వస్తువును వెల యెరుగక విన్నచో చెవి యేమి చెప్పును? ఈ ప్రశ్న యిటీవల మా యింట పుట్టినది. దానివలన మేము తెలిసికొన్నది తోడి గృహిణులకు నుపయోగపడునని వ్రాయుచున్నాము.

ఈ కాలమున పాట యంతయు అంకెల రూపమున నిలువ యుండును. 1982లో అంగడికి వచ్చిన కాంపాక్టు డిస్కునందు ఒక్కొక్క చెవికి సెకనునకు 44,100 అంకెలు గలవు. ఒక్కొక్క అంకె 65,536 మెట్లలో నొక మెట్టును తెలుపును. ఈ యంకెలను మరల విద్యుత్తరంగముగ మార్చి స్పీకరునకు నందించు సాధనమును వ్యవహారమున ‘డాక్’ అందురు. ప్రతి సెల్‌ఫోనునందును అట్టిది చిన్నది దాగియే యున్నది. విడిగా కొనవలెనన్నచో వేయి రూపాయలకును దొరకును, లక్షకును దొరకును.

మా కాపురము నల్లగొండలో. మా వారు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధింతురు, సంగీతమన్న ప్రాణము. ఈ యేడు చిట్టీ వలన చేతికి వచ్చిన 60,000 రూపాయలతో మేలైన డాక్ కొనవలెనని వారి కోరిక. మా యత్తగారికి చెవి మిషను కొనవలెనని మా తలంపు. డెబ్బదియైదేండ్ల యామెకు శబ్దము వినబడును గాని మాట తెలియదు. వయసుతో ముందుగ సన్నని ధ్వనులు వినబడుట తగ్గును గనుక ‘స’, ‘శ’, ‘త’ వంటి హల్లులు జారిపోయి మాట మసకబారును. వాడకట్టు అమ్మలక్కల నడుమ కూర్చుండుటయు నామె మానివేసెను. అడిగినచో “నాకెందుకు బిడ్డా, ఇంకెన్నాళ్లు బతుకుత” అనును. కోరికలు రెండు, పైక మొకటి.

ఇంతలో హైదరాబాదు నుండి మా మరిది, తన మిత్రుని వద్ద నున్న 60,000 రూపాయల డాకును ఎరవు తెచ్చి, దర్శనం మొగులయ్యగారి పన్నెండుమెట్ల కిన్నెర పాటను దానిపై వినిపించెను. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని ఆ కళాకారునికి 2022లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. ఆ పాటనే మా వేయి రూపాయల డాకుపైనను విన్నాము. ఖరీదైనదానియందు తీగనాదము నిండుగ నుండెను. “విన్నవా వదినా, పైసలు ఊకె పోవు” అని మరిది సంతసించెను.

మాకు మాత్రము ధ్వనియే కొంత హెచ్చినట్లు తోచెను. మరిది రెంటి ధ్వనిని చెవి అందాజుతోనే సరిచేసియుండెను. మా వారు మల్టీమీటరుతో కొలువగా, ఖరీదైనదాని వోల్టేజి నూటికి పండ్రెండు పాళ్లు హెచ్చుగ నున్నది. పాట రవంత బిగ్గరగ నున్నచో, చెవి దానిని బిగ్గరయని గుర్తింపక బాగున్నదనుకొనును. మా యూరిచెంత పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమున నొక గర్భాలయమందు పగలెల్ల నొక నీడ కదలక నిలుచును. చూచువారు దానిని ఒక్క స్తంభపు నీడ యనుకొందురు. కాని యది పలు స్తంభముల నడుమ నుండి వచ్చు వెలుతురు కూడికచే నేర్పడినది. నీడ యబద్ధము కాదు, కారణము వేరు. మాకు వినబడిన భేదమును అట్టిదే.

నలోపాఖ్యానమున దమయంతి యెదుట నలుని రూపమున ఐదుగురు నిలిచినపుడు, ఆమె చెమటను, రెప్పపాటును, నీడను గుర్తులుగ గొని తన వానిని తెలిసికొనెను. భేదమున్నచో చెవియు నట్లే గుర్తు పట్టవలెను గదా! కావున మేమొక పరీక్ష యేర్పరచితిమి. రెంటి ధ్వనిని నూటికి ఒక పాలు కూడ తేడా లేకుండ మల్టీమీటరుతో సరిచేసితిమి. తెర వెనుక నొకరు కూర్చుండి, నాణెమెగురవేసి బొమ్మ పడిన నొకటి, బొరుసు పడిన వేరొకటి తగిలింతురు. తెర యీవల వినువారు ఏది ఖరీదైనదో కాగితముపై వ్రాయవలెను. ఒక్కొక్కరికి పదునారు పర్యాయములు.

ఏమియు వినక ఊహించువారికిని సగటున ఎనిమిది సరిపోవును. పండ్రెండుగాని యంతకు మించిగాని ఊహచేతనే సరిపోవుట నూటికి నాలుగు మారులకన్న తక్కువ. మరిదికి తొమ్మిది, మా వారికి ఎనిమిది, మాకు ఏడు సరిపోయినవి. అనగా మా మువ్వురి చెవులును నాణెముకంటె నెక్కువ చెప్పలేదు.

మా యింటి పరీక్ష చిన్నది. దీనికి దగ్గరి పరీక్షనే అమెరికాలో మేయరు, మోరాను అనువారు పెద్దగ చేసి 2007లో ప్రకటించిరి. కాంపాక్టు డిస్కుకన్న నెక్కువ వివరముగల రికార్డులను ఉన్నవి యున్నట్లుగను, డిస్కు ప్రమాణమునకు మార్చియు వినిపించిరి. 554 పర్యాయములలో 276 సరిపోయినవి. అదియు సగమే.

చవుకవన్నియు మంచివని మా మాట కాదు. కొన్ని గుయ్యిమని మ్రోగును. కొన్నిటికి పెద్ద హెడ్‌ఫోనును నడుపు శక్తి చాలదు. ఆ దోషములు పరీక్ష లేకయే వినబడును. అవి లేనిచో ఖరీదైనదాని మేలు కొలత సాధనమునకు తెలియునేమో గాని చెవికి తెలియదు. స్పీకరును మార్చినను, బోసిగోడల గదిలో మందపు తెరలు కట్టినను కలుగు భేదము చెవికే తెలియును.

మా వారు ఆ కాగితములను రెండుమారులు చూచుకొని, మరునాడు తామే తల్లిగారిని వినికిడి పరీక్షకు తోడుకొని పోయిరి. అచ్చట చెవి మిషను కొనుటకు ముందు మరల నదే పద్ధతి నవలంబించితిమి. పెదవుల కదలిక కనబడకుండ వెనుక నిలిచి ఇరువది మాటలు పలికితిమి. మిషను లేక ఆమె తొమ్మిది సరిగ చెప్పెను. పెట్టిన పిదప, వేరు మాటలలో, పదునేడు. ఇక్కడ వెచ్చించిన ధనమునకు ఫలము చెవికే తెలిసినది. “గింత మెల్లగ మాట్లాడినా ఇనవడ్తుంది బిడ్డా” అని యామె యనెను.

సోదరీమణులారా! వినెడు వస్తువేదైనను కొనవలసి వచ్చినపుడు ధ్వనిని సమము చేయుడు, వెలను కప్పివేయుడు, సరిపోయినవానిని లెక్కింపుడు. ఆ పిదపనే పైకపు మూట విప్పుడు.