ఆకు నిలిస్తేనే మేత

తెనాలి దాటి రేపల్లె దారి పట్టాక రోడ్డుకి రెండు వైపులా మొక్కజొన్నే. వరి కోసిన మాగాణిలో ఒకప్పుడు మినుము, పెసర, పిల్లిపెసర, జనుము కనిపించేవి. ఇప్పుడు పసుపు పూత మొదలైన జనుము చెక్క కోసం వెతుక్కోవాలి. ఫిబ్రవరిలో ఒక ఊళ్లో అలాంటి చేను ఉందని, అక్కడ జనుమును ఎండబెట్టి వామి వేస్తారని తెలిసి చూడ్డానికి వెళ్లాను.

నేను చేరేసరికి మంచు విడుస్తోంది. కోత కూలీలు కొడవళ్లు పట్టుకుని గట్టు మీద ఆగి ఉన్నారు. వరి కోతకు ముందే నిలబడ్డ చేలో విత్తనం చల్లేశారట. తడి పెట్టకుండా నేలలోని పదును మీదే నడుమెత్తు పెరిగింది.

“ఇంకో పది రోజులాగితే బరువు పెరుగుద్ది కదండీ?” అని రైతును అడిగాను.

“పెరిగేది పుల్లండీ. గేదెకు కావాల్సింది ఆకు” అన్నారాయన.

నిజమే. తాళ్లకూ వలలకూ నారనిచ్చే మొక్క ఇది. ముదిరితే కాండమంతా నారే. అందుకే పూత తొలినాళ్లలోనే, కాయ పట్టక ముందే కోసేస్తారు.

కోసినదాన్ని అక్కడే పలచగా పరుస్తూ పోయారు. ఈ పరచడంలోనే సగం పని ఉంది. పచ్చిమేతలో నూటికి 75 నుంచి 80 పాళ్లు నీరే. కోసినంత మాత్రాన మొక్క చచ్చిపోదు. తేమ 40 శాతం దరిదాపులకు దిగేదాకా శ్వాసిస్తూ, తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. ఆ చక్కెర పశువుకు అందాల్సిన బలం. వెలుతురు తగిలితే కోసిన తర్వాత కూడా కాసేపు ఆకు రంధ్రాలు తెరుచుకునే ఉంటాయి, ఆ దారిన నీరు త్వరగా పోతుంది. కోసిన వెంటనే కుప్ప పోస్తే అడుగున పడ్డ ఆకుకు వెలుగుండదు, రంధ్రాలు మూసుకుంటాయి. మొదటి రోజు మధ్యాహ్నం లోపు ఎంత నీరు పోతే అంత మేలు.

ఆ తర్వాతే చిక్కు. ఆకు ముందు ఎండుతుంది, పుల్ల ఎండదు. పుల్ల ఎండేదాకా అలాగే వదిలేస్తే ఆకు పెళుసెక్కి చేయి తగిలితే రాలిపోతుంది. పచ్చదనం వెలిసిపోయి కెరోటిన్ కూడా పోతుంది. పశువులో విటమిన్-ఎ తయారయ్యేది దాని నుంచే. పెద్ద పాడి క్షేత్రాల్లో కోసేటప్పుడే రోలర్ల మధ్య కాడల్ని నలిపే యంత్రాలున్నాయి. కాడ నలిగితే అదీ ఆకుతో పాటే ఆరుతుంది. ఎకరం చెక్కకు ఆ యంత్రం ఎక్కడ దొరుకుతుంది?

పక్క చెక్కలో అంతకుముందు కోసిన మేతను ఒక పెద్దావిడ తిరగేస్తోంది. సాయంత్రం మంచు పడక ముందే చిన్న చిన్న గుల్ల కుప్పలుగా చేర్చిందట. పొద్దున్నే, ఆకు ఇంకా మెత్తగా ఉండగానే, కుప్ప కిందికి రెండు చేతులూ పోనిచ్చి, పైకి లేపి, విదిలించకుండా బోర్లిస్తోంది.

“మధ్యాహ్నం తిరగేస్తే ఆకంతా నేలపాలే బాబూ. పుల్లలే మిగుల్తాయి” అంది.

రాలిన ఆకంటే రాలిన మాంసకృత్తులే. వరిగడ్డిలో అవి 3, 4 శాతమే. పూత మీద కోసి ఆకు నిలబెట్టిన జనుము మేతలో దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. చేలో పోగొట్టుకున్నదాన్ని రైతు కొట్లో పత్తిచెక్క రూపంలో మళ్లీ డబ్బిచ్చి కొంటున్నాడు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకా ముందే కోసి ఆరబెట్టిన మేతను వామి వేసే ముందు రైతు ఒక కాడ తీసుకుని గోటితో గీకి చూపించారు. పైతోలు పొరలా లేచి వచ్చింది. “ఇది ఇంకా పచ్చే” అని పక్కన పడేశారు. మరో చోటి నుంచి తీసిన కాడ గోటికి లేవలేదు, మెలితిప్పితే పుటుక్కున విరిగింది. తేమ 15 శాతం దరిదాపుల్లో ఉంటే నిలవకు భయం లేదు. అంతకంటే బాగా ఎక్కువైతే సూక్ష్మజీవులు పనిచేసి వామి లోపల కాగుతుంది, బూజు పడుతుంది. ఒక్కోసారి మేత గోధుమరంగుకు తిరిగి బెల్లం పాకం వాసనేస్తుంది. పశువులు ఇష్టంగానే తింటాయి కానీ, ఆ వేడికి మాంసకృత్తులు చక్కెరలతో ముడిపడి అరగకుండా పోతాయి. వేడి మరీ పెరిగితే నిప్పు తగలకుండానే వామి అంటుకుంటుంది. ఇక్కడ జనుము ఒక వరస, వరిగడ్డి ఒక వరస వేస్తున్నారు. మిగిలిన కాస్త తేమను గడ్డి పీల్చుకుంటుంది, జనుము వాసనకు గడ్డినీ గేదెలు వదలకుండా తింటాయి.

చేను చివర రెండు పొడవాటి చాళ్లలో మొక్కే లేదు. వరికోత యంత్రం చక్రాలు అప్పుడే మొలిచిన జనుమును తొక్కేశాయి. మిగతా భాగం మనుషుల చేత కోయించారు కాబట్టి పైరు నిలిచింది. కూలి ఖర్చు ఇలా పెరుగుతుంటే వచ్చే ఏడు మొక్కజొన్నకే మళ్లుతానేమోనని ఆయన అన్నారు. అది విని కాదనలేకపోయాను.

ఒక్క సలహా మాత్రం ఇచ్చి వచ్చాను. బర్సీం, లూసర్న్ లాంటి మేతల్ని మూడు కర్రల ముక్కాలి మీద ఆరేసే పద్ధతి ఉంది. కింద నుంచి గాలి ఆడుతుంది, నేల తడి అంటదు, మాటిమాటికీ తిరగేయనక్కర్లేదు. సరుగుడు కర్రలకు కొదవలేని ప్రాంతమిది. వామి అయ్యాక ఇనుపచువ్వ లోపలికి దించి, కాసేపాగి తీసి వేడి చూడమన్నాను. చువ్వ ఇంట్లోనే ఉందట. ముక్కాలి మాత్రం మిగిలిన రెండు సెంట్ల జనుము మీద వేసి చూస్తానన్నారు.