తెడ్డు పట్టిన చలికాలం

నవంబరు 3, గణపురం

భూపాలపల్లి పేరెత్తితే అందరూ బొగ్గు గనుల గురించే మాట్లాడతారు. గణపసముద్రం కట్ట ఎక్కితే వేరే జిల్లా కనిపిస్తుంది. కట్ట దిగువన వరి, ఎగువన కంటికి ఆనని నీళ్లు. కాకతీయుల నాటి చెరువు ఇంకా ఆయకట్టును తడుపుతూనే ఉంది. దూరంగా ఒకాయన థర్మాకోల్ తెప్ప మీద మోకాళ్లూని, చెక్కపేడుతో నీళ్లు తోసుకుంటూ వల తీస్తున్నాడు. చప్పుడే లేదు. పక్కనే ఉన్న నీటికాకి రెక్కయినా కదపలేదు. అడవి చెరువును చూడాల్సిన పద్ధతి ఇదేననిపించింది.

నవంబరు 10, జనగామ

కృష్ణా గోదావరుల నడుమ మెట్ట నేల. పెద్ద నది ఏదీ ఒరుసుకుని పారని జిల్లా. ములుగు జిల్లా గంగారం దగ్గర గోదావరి నీళ్లను దేవాదుల పథకం ఎత్తిపోస్తే ఇక్కడి చెరువుల్లోకి వస్తున్నాయి. నీళ్లు చేరగానే పిల్లలూ చేరతారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. మట్టి తోడిన చోట అడుగు ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది. ఒడ్డు పక్కన మోకాలి లోతే కదా అని నమ్మి దిగకూడదు. ఈత, లైఫ్ జాకెట్, తెడ్డు: ఈ మూడూ పిల్లలకు ఈ వరుసలోనే నేర్పాలి.

నవంబరు 17, బయ్యారం

మహబూబాబాద్ జిల్లాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చెరువు. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆమె వేయించిన శాసనంలో వెన్నని మొదలుకొని కాకతీయుల వంశక్రమం ఉంది. ఒక రాజవంశం తొలి తరాల పేర్లు మనకు చెరువు శాసనంలో దొరికాయంటే ఆ కాలంలో చెరువుకున్న విలువ తెలుస్తుంది.

తెప్ప మీద నన్ను ఎక్కించుకున్న తాత గట్టిగా చెప్పాడు: “లేసి నిలవడకు బిడ్డా, నడిమిట్ల కూసో. గాలి లేవకముందే ఒడ్డు జేరాలె.” ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరుసగా తేలుతుంటే వాటి కింద వల ఉన్నట్టేనని, వాటిని చుట్టి పోవాలని చూపించాడు. మునిగిన మోడులు ఎక్కడున్నాయో ఆయనకు కంఠతా వచ్చు.

నవంబరు 24, పాకాల

కొత్తగూడ వైపు అడవి, ఇటు చెరువు. వరంగల్, మహబూబాబాద్ జిల్లాలు ఇక్కడ చెట్ల కిందే కలిసిపోతాయి. 13వ శతాబ్దం తొలి రోజుల్లో, గణపతిదేవుడి ఏలుబడిలో జగదల ముమ్మడి కట్టించిన కట్ట ఇది. చుట్టూ అడవిని 1952లో అభయారణ్యం చేశారు. దాదాపు 860 చదరపు కిలోమీటర్లు. మనుషులు కట్టిన చెరువును ఆనుకుని అడవి బతుకుతోంది. మున్నేరు పుట్టేదీ ఇక్కడే.

మొసళ్లున్న నీళ్లు. ఎవరంతట వాళ్లు పడవ దించుకునే చోటు కాదిది. అటవీ శాఖ అనుమతీ, దారి తెలిసిన మనిషీ ఉండాలి. అంచున కూర్చుని లకుముకి పిట్టను చూస్తూ పొద్దు గడిపాను. దానికీ నాకూ నడుమ మోటారు మోత లేకపోవడం గొప్ప వరం.

నవంబరు 30, రాత్రి

మినియాపోలిస్ నుంచి చిన్నమ్మ కొడుకు ఫోను. బౌండరీ వాటర్స్ వెళ్లొచ్చాడు. మిన్నెసోటా ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దులో వెయ్యికి పైగా సరస్సులున్న అడవి అది. 1978 నాటి చట్టంతో చాలా సరస్సుల్లో మోటారు పడవలు బంద్. గుంపుకు 9 మంది, 4 పడవలు దాటకూడదు. గాజు సీసాలు, డబ్బా తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. “ఒక సరస్సు అయిపోంగనే పడవను భుజాలకెత్తుకొని అడవిబాటల ఇంకో సరస్సుకు నడవాలె అక్కా” అన్నాడు.

నిద్ర పట్టలేదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. ఆ నీటి దారి వెంటే తేలికపాటి పడవ మోసుకుంటూ చెరువు నుంచి చెరువుకు పోవచ్చు గదా!

డిసెంబరు 8, లక్నవరం

2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడేదాకా ఇదీ భూపాలపల్లిదే. గుట్టల నడుమ సందులను పొట్టి కట్టలతో మూస్తే చెరువైంది. మిగతా గట్టు గుట్టలే. వేలాడే వంతెన మీద జనం కిక్కిరిసి ఉన్నారు, వాళ్ల సంతోషం నాకూ సంతోషమే. కానీ మోటారు పడవ తిరిగిన ప్రతిసారీ దీవి అంచున పక్షులు లేచిపోతున్నాయి. పొద్దున తొమ్మిదింటి దాకా తెడ్డు పడవలే తిరగాలని నియమం పెడితే పక్షులకూ, చూడవచ్చినవాళ్లకూ మేలు.

డిసెంబరు 15, కోటపల్లి

వికారాబాద్ అడవిలో కయాకింగ్‌కు పేరుపడ్డ జలాశయం. కయాక్ తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి, కెనూ తెడ్డుకు ఒక్కవైపే. చేతులతో లాగితే రెట్టలు త్వరగా అలసిపోతాయి. కవ్వం తిరిగినట్టు నడుము తిరగాలి. వెన్ను నిటారుగా ఉంచి, పాదాలు తన్నిపెట్టి, తెడ్డును కాలివేళ్ల పక్కన ముంచి తుంటి దగ్గర తీయాలి. ఎండ ఎక్కేకొద్దీ గాలి పెరిగింది. విశాలమైన నీళ్లలో చిన్న గాలికే అల లేస్తుంది, అందుకే ఒడ్డు వెంటే తిరిగాం.

డిసెంబరు 22, ఇల్లు

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన లాంచీని తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. నీటి విహారమంటే ఇళ్లల్లో భయం ఉండటం న్యాయమే. ఆ భయాన్ని శిక్షణగా మార్చాలి.

నా కోరిక స్పష్టంగా రాసుకుంటున్నాను. ఈ జిల్లాల్లో ఏదో ఒక గొలుసుకట్టును ఎంచి, చలికాలంలో మాత్రమే, మోటారు లేకుండా, కొద్దిమందికే తెడ్డు దారి తెరవాలి. దారి చూపేవాళ్లు ఆ ఊళ్ల ముదిరాజ్, గంగపుత్ర యువకులే కావాలి, రాబడీ వాళ్లకే చెందాలి. ఏ చెరువులోనైనా పడవ దించేముందు అక్కడి మత్స్య సహకార సంఘం ఒప్పుకోవాలి. వాళ్లు వద్దంటే ఆ చెరువును వదిలేయాలి. జనవరిలో బయ్యారం వెళ్లి, ముందుగా వాళ్లనే అడుగుతాను.