మోకాళ్ల లోతులో ప్రళయ కావేరి

పడవంటే రేవులో ఉంటుంది. ఎక్కి కూర్చుంటే తాడు విప్పుతారు, కదులుతుంది. పులికాట్ సరస్సు దగ్గర ఆ లెక్క కుదరదు. రేవు కట్టిన ఒకటి రెండు చోట్ల తప్ప ఇక్కడ పడవ ఒడ్డుకి రాదు. మనమే దాని దగ్గరికి వెళ్లాలి. చెప్పులు చేతబట్టుకుని, పంచె ఎగగట్టుకుని, బురదలో కాళ్లీడ్చుకుంటూ నడవాలి. కొన్నిచోట్ల ఎంతసేపు నడిచినా నీళ్లు పిక్కలు దాటవు. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున తాటిచెట్లు చిన్నవైపోయి ఉంటాయి. పడవ మాత్రం ఇంకా ముందెక్కడో ఉంటుంది!

చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 60 కిలోమీటర్ల పొడవు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా నిలిచిన సన్నటి దీవే శ్రీహరికోట. రాకెట్ల పుణ్యమా అని ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. దాని పడమటి గుమ్మం ముందే ఇంత నీరు పరుచుకుని ఉందన్న సంగతి చాలామందికి తెలీదు. ఇక్కడివాళ్లకి ఈ సరస్సు ప్రళయ కావేరి. స.వెం.రమేష్ ‘ప్రళయ కావేరి కథలు’ చదివినవారికి ఈ దీవుల పేర్లు, ఇక్కడి మాట తీరు కొత్త కాదు.

పేరులో ప్రళయం ఉన్నా సగటు లోతు ఒక మీటరే. ఇక్కడి బతుకంతా ఆ ఒక్క మీటరు చుట్టూ తిరుగుతుంది.

ఉదాహరణకి, పడవని నీళ్లలోకి దించడమే తీసుకోండి. సముద్రతీరంలో అయితే అలని చూసుకుని ఒక్క ఊపున తోసేస్తారు. ఇక్కడ అలే లేదు, తోయడానికి లోతూ లేదు. అందుకే పులికాట్ పడవకి అడుగు చదునుగా ఉంటుంది. జానెడు నీళ్లుంటే చాలు, తేలుతుంది. అయినా ముందు ఖాళీ పడవనే తొయ్యాలి. ఇద్దరు వెనకనుంచి నెడుతుంటే ఒకరు ముందు నడుస్తూ కాలితో నేలని తడిమి దారి చెబుతారు. వలలు, మంచినీళ్ల బిందె, సద్దిగిన్నె, ఇంజనుంటే డీజిలు డబ్బా... ఇవన్నీ అది తేలాకే ఎక్కాలి. తొందరపడి ముందే సర్దేశారా, బరువుకి బురదలో కూర్చుంటుంది. మళ్లీ అన్నీ దించి మొదటికి రావాల్సిందే.

నడవడానికీ ఓ పద్ధతుంది. అడుగు తీసి అడుగు వేస్తే మడమ లోతుగా దిగబడిపోతుంది. పాదాన్ని పైకెత్తకుండా నేలమీదే జరుపుకుంటూ పోవాలి. బురద అడుగున పాత ఆల్చిప్పల పెంకులు ఉంటాయి. వాటి అంచు బ్లేడుకేం తీసిపోదు. అలవాటులేనివాళ్లు ఇరవై అడుగులు వేసేలోపే ఆయాసపడతారు. పదేళ్ల పిల్లలు మాత్రం గట్టుమీద నడిచినట్టే నడిచిపోతారు.

పడవ ఎక్కాక కూడా ఇంజను వెంటనే పనికిరాదు. తక్కువ నీళ్లలో దాని రెక్క బురదని, నాచుని చుట్టుకుంటుంది. నడుంలోతు వచ్చేదాకా గెడే దిక్కు. పొడవాటి గెడకర్రని నేలకి ఆనించి, దాని మీద బరువంతా వేసి, పడవని ముందుకు తోస్తారు. ఆ గెడే కొలబద్ద కూడా. నిన్న భుజందాకా మునిగిన చోట ఇవాళ మోచేతి దగ్గర ఆగితే విషయం అర్థమైపోతుంది. వేరే దారి చూసుకోవాలి.

లోతు లేదు కదా అని తేలిగ్గా తీసుకుంటే మాత్రం మోసపోతారు. వెడల్పైన చోట సరస్సు 17 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత మైదానంలో గాలి లేచిందంటే అడ్డేమీ లేదు. లోతులేని నీళ్లలో అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా లేచి పడవని చెంపదెబ్బలు కొట్టినట్టు కొడతాయి. పైగా గాలి నీళ్లని ఒక పక్కకి నెట్టేస్తుంది. పొద్దున పడవ తేలిన చోట సాయంత్రానికి బురదే మిగలొచ్చు. చేపలు నిండిన పడవని ఆ బురద మీద ఒడ్డుకి చేర్చడం, పొద్దున దించడం కంటే రెండింతల పని. అందుకే చాలామంది పడవని నీళ్లలోనే లంగరేసి, చేపల బుట్టల్ని తలమీద పెట్టుకుని నడిచొస్తారు.

ఇంత కష్టపడితే దొరికేదేంటి? ముందు చెప్పుకోవాల్సింది రొయ్య. ఆ తర్వాత మండపీత, పండుగప్ప. తమిళం వైపు మడవై అని పిలిచే చేప ఇంకోటుంది. వలకి ఇట్టే చిక్కదు. అలికిడైతే చాలు, వల మీదుగా గాల్లోకి ఎగిరి అవతల పడుతుంది. దానికోసం వల చుట్టూ కట్టి, నీళ్లని గెడతో బాదుతూ లోపలికి తోలాలి. చూసేవారికి అదో ఆట. మధ్యాహ్నపు ఎండలో నాలుగోసారి కూడా ఎగిరి తప్పించుకుంటే, పట్టేవారికి ఒళ్లు మండిపోతుంది.

పడవే లేనివారి వేట ఇంకోటుంది. దక్షిణం వైపు ఇరుళ ఆడవాళ్లు నడుంలోతు నీళ్లలో వంగి, రెండు చేతులతో బురదని తడుముతూ రొయ్యల్ని ఏరతారు. చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి తాటాకు బుట్ట అంచుని పళ్లతో కరిచి పట్టుకుంటారు. దొరికిన రొయ్య దొరికినట్టే అందులో పడుతుంది. గంటల తరబడి అదే పని. బజార్లో ‘సైజు చిన్నది’ అని బేరమాడే రొయ్యల వెనక ఈ నడుంనొప్పి కూడా ఉంటుంది.

వల ఎక్కడ పాతాలన్నది ఎవరిష్టం వాళ్లది కాదు. సముద్రపు పాటు నీళ్లు పారే చోట వలేస్తే పంట పండినట్టే. అలాంటి చోట్లు కొన్నే ఉంటాయి. వాటికోసం కొట్టుకోకుండా దక్షిణపు పల్లెల్లో పెద్దలు ఏనాడో ఓ ఏర్పాటు చేసుకున్నారు. దాని పేరు ‘పాడు’. తెలుగు చెవికి అపశకునంలా వినిపించినా, తమిళంలో అది వేటకి కేటాయించిన చోటు, వంతు. చీటీలు వేసి వంతులు పంచుకుంటారు. ఇవాళ మంచి చోటు దక్కినవాడు రేపు పక్కకి జరగాలి. కాగితం, కోర్టు లేకుండా తరాలపాటు నడిచిన న్యాయమిది. అందరికీ న్యాయమేనా అంటే, కాదు. హక్కు కొన్ని కులాల మగవాళ్లది. బుట్ట పళ్లతో పట్టుకున్న ఆడవాళ్లకి ఆ చీటీల్లో చోటు లేదు.

ఈ వంతులు, వలలు, పడవలు అన్నీ ఆధారపడింది ఇసుకలో తెరుచుకున్న మూడు దారుల మీద. ఉత్తరాన తూపిలిపాలెం, మధ్యలో రాయదొరువు, దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు. సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాలివి. రొయ్య కథ చూడండి. అది గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి కనపడనంత పిల్లలు ఈ ద్వారాల గుండా సరస్సులోకి కొట్టుకొచ్చి, లోతులేని వెచ్చని నీళ్లలో మేసి పెరిగి, మళ్లీ సముద్రానికి బయల్దేరతాయి. వలకి చిక్కేది ఆ తిరుగు ప్రయాణంలోనే. తలుపు మూసుకుపోతే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

ఆ తలుపులే మూసుకుపోతున్నాయి. తీరం వెంబడి కొట్టుకొచ్చే ఇసుకని అలలు తెచ్చి ద్వారంలో పోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు పొంగి వస్తే ఆ వరద ఇసుకని సముద్రంలోకి నెట్టేస్తుంది. వానలు సరిగ్గా లేని ఏడాది నెట్టేవారు లేరు. తూపిలిపాలెం, రాయదొరువుల దగ్గర పూడిక పేరుకుంది. అక్కడ తవ్వించమని మత్స్యకారులు అడగడం ఇవాళ్టి మాట కాదు. దక్షిణపు ద్వారం కూడా అప్పుడప్పుడు మూసుకుపోతూ వచ్చింది. దానికి తోడు, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు సరస్సుకి అడ్డంగా సాగుతుంది. ఆ కట్ట వల్ల ఉత్తరపు ముక్కకి నీళ్లు సరిగ్గా అందడం లేదన్నది జాలర్ల ఫిర్యాదు.

ఫలితం ఎండాకాలంలో కళ్లకి కడుతుంది. ఉత్తర భాగంలో నీళ్లు ఇగిరిపోయి సముద్రం కంటే ఉప్పగా మారతాయి. ఆపై నేల బయటపడి, పగుళ్లిచ్చి, తెల్లటి ఉప్పు పొర కడుతుంది. సంక్రాంతికి పడవలు తిరిగిన చోట మే నెలలో మోటారుసైకిళ్లు అడ్డదారిన పరిగెడతాయి! చేపలు ఎటు పోతే పడవలూ అటే. దక్షిణానికి జరిగిన కొద్దీ మరొకరి వంతులోకి అడుగుపెట్టినట్టే. రెండు రాష్ట్రాల పల్లెల మధ్య వేట హద్దుల కోసం గొడవలైన సందర్భాలు అందుకే ఉన్నాయి. పైకి అది వలల తగాదా. అడుగున ఉన్నది ఇసుక.

తక్కువ లోతు అందరికీ శాపం కాదు లెండి. చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలకి అదే వరం. రాజహంసలని మనం ముచ్చటగా పిలుచుకునే ఈ పక్షులు సన్నటి పొడుగు కాళ్లతో బురదలో నిలబడి, ముక్కుని తలకిందులుగా నీళ్లలో ముంచి మేత వడగట్టుకుంటాయి. వాటికి కావాల్సింది మోకాలిలోతే. నేలపట్టులో కడపచెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు కూడా పిల్లల మేతకోసం ఇక్కడికే ఎగిరొస్తాయి. 1976లో సరస్సులో ఆంధ్రప్రదేశ్ వైపు భాగాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మరి దాని మీదే బతికే మనుషుల సంగతి? వేనాడు, ఇరకం లాంటి దీవుల్లో ఊళ్లున్నాయి. ఇరకానికి వంతెన లేదు. ఉప్పూ పప్పూ, పెళ్లివారూ, పోలింగు నాడు ఓటింగు యంత్రాలూ, అన్నీ పడవెక్కాల్సిందే. పురిటినొప్పులు గాలి పడేదాకా ఆగవు కదా!

చూడాలనుకునేవారికి అక్టోబరు నుంచి మార్చి మంచి కాలం. సూళ్లూరుపేట చెన్నైకి సుమారు 80 కిలోమీటర్లు. విజయవాడ-చెన్నై రైలు మార్గంలో స్టేషను, జాతీయ రహదారి రెండూ ఉన్నాయి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోని ఈ ఊరు 2022 విభజనలో తిరుపతి జిల్లాకి మారింది. 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగేదీ ఇక్కడే. శ్రీహరికోట రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగితే రెండు పక్కలా నీళ్లూ పక్షులూ కనిపిస్తాయి. పడవ కావాలంటే తడ దగ్గరి భీములవారిపాలెం వెళ్లాలి. ఇరకానికి పడవలు కదిలేది అక్కడి నుంచే. అక్కడ రేవుంది కాబట్టి బురదలో నడిచే పనిలేదు. దీవి అవతలి ఒడ్డున జాలర్లతో వెళ్లాలనుకుంటే మాత్రం మడతపెట్టగలిగే ప్యాంటు వేసుకోండి. పొద్దున్నే బయల్దేరి, గాలి లేవకముందే తిరిగొచ్చేయండి. సమయం గడియారాన్ని కాదు, గెడ పట్టినవాళ్లని అడగండి.