భీమేశ్వరుడి ముంగిట బ్యాటరీ డౌన్

కార్తీక సోమవారాల కిటకిట తప్పించుకుందామని మేం మంగళవారం బయల్దేరాం. అమరావతి, భీమవరం, పాలకొల్లు అయ్యాయి. పంచారామాల్లో ఇక మిగిలింది ద్రాక్షారామం, సామర్లకోట. బావమరిది కొబ్బరికాయలు తోలే మినీ ట్రక్కుకి టార్పాలిన్ కట్టి, పరుపులు పరిచి, ఇంట్లో ఉన్నట్టే ప్లగ్గు పాయింట్లు కూడా పెట్టాను. పెట్టడమంటే ఏముంది, 1,500 వాట్లని రాసి ఉన్న ఇన్వర్టర్ ఒకటి కొని, దాని క్లిప్పులు బండి బ్యాటరీకి కరిపించి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వెనక్కి లాగాను. అమ్మకి ఆయాసం. నెబ్యులైజర్ లేనిదే గుమ్మం దాటదు. ఆ వంకన రైస్ కుక్కరూ మిక్సీ కూడా బండెక్కాయి.

రావులపాలెం, మండపేట, రామచంద్రపురం దాటి ద్రాక్షారామం చేరేసరికి పదకొండయింది. దారి పొడుగునా సగం రోడ్డు ఆరబోసిన ధాన్యానిదే. మా ఆవిడ కుక్కర్లో బియ్యం పోసి మీట నొక్కింది. ఇంజను ఆపే ఉంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

భీమేశ్వరుడి గర్భగుడి రెండంతస్తులు. లింగం పైభాగం చూడాలంటే మెట్లెక్కాల్సిందే. అమ్మ ఎక్కింది. తొలిపూజ సూర్యుడు చేశాడన్న స్థలపురాణం మనవడికి చెప్పుకుంటూ, మధ్య మధ్య ఆగుతూ ఎక్కింది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కదా, మాణిక్యాంబని చూడకుండా రానంది. అక్కడిదాకా బాగానే ఉంది. బయట ఆవరణలో వత్తుల పొగకి దగ్గు మొదలై, బండి దగ్గరికొచ్చేసరికి పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

నెబ్యులైజర్ పెట్టాను. ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను టిక్కుమంది, అంతే. పక్కనున్న యాత్రికుల బస్సులోంచి ఆరుగురు దిగి తోశారు. రెండో గేరులో బండి అందుకుంది. ఇంజను ఆగకుండా చూసుకుంటూ అమ్మకి మందు పట్టించాం. పావుగంటలో ఊపిరి సర్దుకుంది. కుక్కర్లో అన్నం మాత్రం సగం ఉడికి పలుకులుగా మిగిలిపోయింది.

ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్ మేస్త్రీ బానెట్ లోపలికి చూసి నవ్వు ఆపుకున్నాడు. ఇంటింటికీ రేషన్ తెచ్చే బళ్లు 2021 జనవరిలో రాష్ట్రంలో 9,260 దింపారు కదా, వాటిలో కొన్నిటికి వైరింగు రిపేర్లు చేసిన చెయ్యి ఆయనది. 2025 జూన్‌లో ఆ బళ్లు ఆపేశాక ఆ పని తగ్గిందట.

"ఆయ్, కుక్కరు ఏడొందల వాట్లు కదండీ. బ్యాటరీ పన్నెండు వోల్టులు. భాగించండి, యాభై ఎనిమిది ఆంపియర్లు. ఇన్వర్టర్ తినేది కలిపితే అరవై అయిదు. మీ బ్యాటరీయే అరవై అయిదుదండి. అరగంటకి సగం ఖాళీ!"

ఇంట్లో అదే కుక్కరు 230 వోల్టుల మీద మూడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. వోల్టులు తగ్గితే తీగ లావెక్కాలన్న మాట పదో తరగతిలో చదివిందే. అయినా కొన్న క్లిప్పుల తీగ ఎంత సన్నమో చూడాలన్న బుద్ధి పుట్టలేదు. నెబ్యులైజర్‌కి నూటయాభై వాట్లు, అదీ పావుగంట. అమ్మ కోసమని పెట్టిన ప్లగ్గుని మా తిండి మింగేసింది.

మేస్త్రీ సాయంత్రం దాకా చేశాడు. వంద ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఇంకోటి కేబిన్ వెనక బిగించాడు. ఇంజను తిరిగేటప్పుడే రెండు బ్యాటరీలూ కలిసేలా, ఆగితే విడిపోయేలా రిలే పెట్టాడు. అప్పుడిక లోపల ఎంత వాడినా స్టార్టింగు బ్యాటరీ జోలికి పోదు. ప్లస్ తీగకి బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు. ఎక్కడో చివర పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని షార్టయినప్పుడు ఆపేవాడుండడట. గోడలో వేసే ఒంటి తీగ వద్దన్నాడు. గోడ కదలదు, బండి ఊగుతుంది, ఊగి ఊగి తీగ విరుగుతుంది. అందుకని సన్న పోగుల తీగ, నట్ల కింద స్ప్రింగు వాషర్లు. ఈ రకం ఇన్వర్టర్‌లో రెండు తీగలూ వేటికవే, ఇంటి న్యూట్రల్ లాంటిది లేదు, పొరపాటున కూడా ఒకదాన్ని బాడీకి కలపొద్దని రెండుసార్లు చెప్పాడు. ఆరు ఆంపియర్ల ప్లగ్గులు రెండు, వాన తగలకుండా మూతతో పెట్టాడు.

"పదహారుది కూడా ఒకటి పెట్టెయ్యి మేస్త్రీ," అన్నాను.

"అన్నానికి గ్యాసు పొయ్యి లేదాండీ?" అన్నాడు, స్క్రూడ్రైవర్ సంచీలో వేసుకుంటూ.

సామర్లకోట చేరేసరికి చీకటి పడింది. కుమారారామంలో దర్శనం చేసుకుని వచ్చి బండిలో నడుం వాల్చాం. పడుకోబోయే ముందు నెబ్యులైజర్ ప్లగ్గు పెట్టి మాస్కు అమ్మ చేతికిచ్చాను. కొత్త బ్యాటరీ గురించి, రిలే గురించి వివరంగా చెప్పాను కూడా.

అంతా విని, "ముందు బండి స్టార్ట్ చెయ్యరా," అంది.