భారం అన్న మాట క్యాజువాల్టీలో

మా ఇంటి పెద్దవాళ్లు "బేజారు" అన్న మాటని ఎన్నింటికి వాడతారో లెక్కే లేదు. కరెంటు పోతే బేజారు, కోడలు సరిగా మాట్లాడకపోతే బేజారు, టమాటా ధర పడిపోతే బేజారు. కన్నడలోనూ అదే మాట, చింతామణి పక్క మన తెలుగులోనూ అదే మాట. "చచ్చిపోవాలనిపిస్తుంది" కూడా అంతే, సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర నేనే రోజూ అంటుంటాను. ఇట్లా మాట్లాడే మనుషుల్ని ఆసుపత్రిలో ఒక నర్సు "బేజారుగా ఉందా" అని అడిగితే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు.

ఇక్కడ ఇంతవరకు పెళ్లి పాటలు, ఊరి పేర్లు, ముత్తాతలు వచ్చిన దారి, ఇవే రాసుకున్నాం. ఇది కూడా మన భాష సంగతే అనుకుని రాస్తున్నా.

పోయిన ఏడు మా చిన్నాయన తల తిరిగి పడిపోతే బెంగళూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాము. బీపీ, షుగర్, ఈసీజీ అన్నీ చూసినాక నర్సమ్మ మమ్మల్నందర్నీ తెర బయటికి పొమ్మంది. "ఆయన కన్నడ అంతంత మాత్రమే, మా పిల్లోడు చెప్తాడు" అని చిన్నమ్మ నన్ను ముందుకి తోసింది. నిజానికి చిన్నాయన మండీలో కన్నడలోనే బేరమాడతాడు. కష్టం చెప్పుకోవడం మాత్రం తెలుగులోనే. నర్సమ్మ ఒప్పుకోలేదు. "ఇంటివాళ్లు వద్దు" అని పక్క వార్డు నుంచి తెలుగు తెలిసిన ఒక సీనియర్ నర్సుని పిలిపించింది. ఆమెది శ్రీనివాసపురం వైపు, మాట వింటూనే తెలిసిపోయింది. పది నిమిషాలు లోపల మాట్లాడుకున్నారు. తర్వాత సైకియాట్రీ డాక్టరు వచ్చారు. ఆ రాత్రంతా ఆయన్ని ఒక్కణ్ణే వదల్లేదు.

ఇది రాయొచ్చా అని చిన్నాయననే అడిగాను. "పేరు వద్దు, సంగతి రాయి" అన్నాడు.

నన్ను ఎందుకు బయటికి పంపారో తర్వాత చదువుకుంటే అర్థమైంది. నేను మధ్యలో కూర్చుంటే ఆయన నా ముఖం చూసి "ఏం లేదు నాయనా" అనేవాడు. పెళ్లాం ముందర, కొడుకుల ముందర ఏ మగాడూ చెప్పడు. ఇంటివాళ్లు అనువదిస్తే ప్రశ్న కూడా మెత్తబడిపోతుంది, "చనిపోవాలని" అన్నది "మనసు బాగలేదా" అయిపోతుంది.

అమెరికాలో ఎన్‌ఐఎంహెచ్ అనే ప్రభుత్వ సంస్థ ఏఎస్‌క్యూ అని చిన్న ప్రశ్నల పట్టీ ఒకటి తయారు చేసింది. మొదట ఎమర్జెన్సీకి వచ్చే పిల్లల కోసం చేశారు, తర్వాత పెద్దవాళ్లకీ వాడుతున్నారు. ఉన్నవి నాలుగే ప్రశ్నలు. ఈ కొన్ని వారాల్లో చనిపోయి ఉంటే బాగుండు అనిపించిందా? నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి నయం అనిపించిందా? పోయిన వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎప్పుడైనా ప్రయత్నం చేశారా? ఒక్కదానికి అవునన్నా ఐదోది అడుగుతారు: ఇప్పుడు, ఈ నిమిషంలో ఆ ఆలోచన ఉందా? దానికీ అవునంటే మనిషిని ఒంటరిగా వదలకూడదు, పూర్తి పరీక్ష అప్పటికప్పుడే జరగాలి.

రెండో ప్రశ్న చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు రోజూ అనే మాటే కదా అది! "మీకు భారమైపోయాను." మనం "ఊరుకో అవ్వా" అని కాఫీ గ్లాసు చేతికిచ్చి లేచిపోతాం. ఆసుపత్రి పట్టీలో మాత్రం దానికి ఒక గడి ఉంది. శ్రీనివాసపురం నర్సమ్మ చిన్నాయనని అడిగింది కూడా ఈ మాటతోనేనట, "ఇంట్లోవాళ్లకి భారమైనా అనిపిస్తుందా అన్నా?" అని. ఆయన ఏడ్చింది అప్పుడే.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చిన్నమ్మ భయం. చాలామందికి అదే భయం. పరిశోధనల్లో అట్లా తేలలేదు. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా షీట్లో "పాస్", "ఫెయిల్" కాకుండా "నాట్ రన్" అని ఇంకోటి ఉంటుంది. రిలీజు మీటింగు వచ్చేసరికి ఆ నాట్ రన్‌లని అందరూ పాస్ కిందే లెక్కేస్తారు, అక్కడ మాకు రోజూ జగడమే. క్యాజువాల్టీలో అడగకుండా "ఏమీ చెప్పలేదు" అని రాస్తే అదీ నాట్ రన్నే.

అయితే అడిగి వదిలేస్తే పని కాదు. అమెరికాలో 8 ఎమర్జెన్సీ విభాగాల్లో ఈడీ-సేఫ్ అని పెద్ద అధ్యయనం జరిగింది. వచ్చిన ప్రతివాళ్లనీ అడగడం మొదలుపెట్టాక ప్రమాదం బయటపడినవాళ్లు 2.9 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగారు. అంటే మా చిన్నాయన లాగా తల తిరిగిందనో చెయ్యి విరిగిందనో వచ్చినవాళ్లలోనూ ఉన్నారన్నమాట. కానీ తర్వాతి ఏడాదిలో ఆత్మహత్యా ప్రయత్నాలు అడగడం ఒక్కదాంతో చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అడగడంతో పాటు జాగ్రత్తల కాగితం రాయించి, ఇంటికి వెళ్లాక మళ్లీ మళ్లీ ఫోన్ చేసినప్పుడే తగ్గాయి. బగ్ రాసి ఎవరికీ అప్పగించకపోతే ఏమవుతుందో మా వాళ్లని అడగండి.

మనకి దగ్గరి సాక్ష్యం చెన్నైది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనంలో ఐదు చోట్లుంటే చెన్నై ఒకటి. ప్రయత్నం చేసి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు మొత్తం 1,867 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లకి దాంతో పాటు గంటసేపు కూర్చుని మాట్లాడి, 18 నెలల్లో 9 సార్లు ఫోన్లోనో ఇంటికెళ్లో పలకరించారు. మామూలు వైద్యం వాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు, పలకరించినవాళ్లలో 0.2 శాతం. మిషన్లు ఏమీ లేవు, ఉత్త పలకరింపే.

ఇంకొక భయం పోలీసులది. "కేసైపోతుంది, జారి పడ్డాడని చెప్పు" అని సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. పాత 309 సెక్షన్ కాలం మాట అది. 2018 మే నుంచి అమలైన మానసిక ఆరోగ్య చట్టం, అదే 2017 చట్టం, 115వ సెక్షన్ కింద అట్లాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే లెక్క, శిక్ష వేయకూడదు. వైద్యం, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షనే తీసేశారు. ఆసుపత్రివాళ్లు ఎంఎల్‌సీ రాసుకోవచ్చు, అది వాళ్ల విధి. దానికి భయపడి డాక్టరుకి అబద్ధం చెప్తే ఇచ్చే మందే తప్పిపోతుంది.

చిన్నాయన జాగ్రత్తల కాగితం ఇప్పుడు వాళ్లింట్లో క్యాలెండరు వెనక ఉంది. మనసు పాడైతే ముందుగా ఎవరికి ఫోన్ చేస్తారు అన్న చోట కొడుకు పేరు లేదు, నా పేరూ లేదు. మండీ దగ్గర టీ అంగడాయన పేరుంది. చిన్నమ్మకి వారం రోజులు కోపం. ఆయనేమో ఇప్పుడు రోజూ సాయంత్రం అక్కడికే పోతాడు. ఇంట్లో ప్రమాదమైన వస్తువులు చిన్నమ్మ తాళం వేసి తాళంచెవి చెల్లెలి ఇంట్లో పెట్టింది, అది కూడా కాగితంలో రాసిందే.

కింద 14416 అని నంబరుంది. టెలి మానస్, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ తీస్తారు. కర్ణాటక నుంచి చేసినా తెలుగులో మాట్లాడతానని అడగొచ్చు. చిన్నాయన ఆ నంబరు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసుకున్నాడు.