సోంపేటలో టీకా తాత్పర్యం

విజయనగరంలో బండి ఎక్కి ఇచ్ఛాపురం వైపు పోయేవారికి తొందర పనికిరాదు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు అంటూ ప్రతి స్టేషనునూ పలకరించి పోవలసిందే. పొందూరు రాగానే ఎవరో ఒకరు ఖద్దరు పంచెల మాట ఎత్తుతారు. నౌపడాలో ఉప్పు మాట, పలాసలో జీడిపప్పు మాట వస్తాయి. నాగావళిని, వంశధారను దాటిన తరువాత ఎడమవైపు కొండలు దగ్గరపడతాయి. మబ్బు లేకపోతే మహేంద్రగిరి కూడా కనబడుతుంది. కుడివైపు సముద్రం కనబడదు గాని, కొబ్బరితోటల వెనకాల ఉన్నానని గాలిచేత కబురు పంపుతూనే ఉంటుంది.

మొన్న సంక్రాంతి సెలవులలో నేను ఈ దారినే సోంపేట వెళ్ళాను. అక్కడ దిగి కవిటి వైపు కొంతదూరం పోతే మా అప్పగారి ఊరు. మా జిల్లాలలో అక్కను అప్ప అనే పిలుస్తాము. చేతిసంచిలో అరిసెల డబ్బాతో పాటు ఒక పాత పసుపుపచ్చని పుస్తకం కూడా పెట్టుకొన్నాను. అరిసెలు అప్పకు, పుస్తకం మా మేనల్లుడికి. కాలేజీలో తెలుగు చెప్పేవాడు మోసుకొని వెళ్ళే పుస్తకం కనుక ఏ ప్రబంధమో అనుకొంటారేమో! అందులో ఒక్క పద్యమూ లేదు. అన్నీ సూదిమందుల తేదీలూ, డాక్టర్ల సంతకాలూ, ముద్రలూను. అది మా పెదనాన్నగారి అంతర్జాతీయ టీకా పత్రం. ఆయన ఓడలలో పనిచేశారు.

ఉద్దానం పేరు వినని తెలుగువారు అరుదు. పనస, కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఈ ప్రాంతాన్ని చూసినవారు, ఇంత చల్లని నీడ విడిచి మనుష్యులు ఎడారి దేశాలకు ఎందుకు పోతున్నారా అని ఆశ్చర్యపోతారు. నీడ ఉన్నంత మాత్రాన గింజ రాలదు గదా! దానికి తోడు 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఒక్క రాత్రిలో వేలకు వేలు కొబ్బరిచెట్లను నేలకూల్చింది. కొబ్బరిమొక్క మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. పిల్లల చదువూ, వడ్డీ లెక్కా అన్నాళ్ళు ఆగవు. అందుచేత ఇక్కడి కుర్రవాళ్ళు వెల్డింగు, ఫిట్టరు పని నేర్చుకొని గల్ఫ్ దేశాలకూ, సింగపూరుకూ పోతున్నారు. మా మేనల్లుడూ అలాగే కువైట్ వెళ్ళాడు.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. మేము మాత్రం ఆ సాయంత్రం బారువ సముద్రతీరానికి కదిలాము. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. ఒకప్పుడు బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవులకు రంగూను పొగఓడలు వచ్చేవి. ఓడ దూరాన లంగరు వేసుకొని నిలబడితే, జనం మసూలా పడవలమీద అలలు దాటి దానిని అందుకొనేవారు. రంగూను రేవులో బస్తాలు మోసిన చేతులలో, బియ్యపు మిల్లులలో పనిచేసిన చేతులలో మన తెలుగు చేతులు ఎన్నో! మా తాతగారివి కూడా ఆ చేతులే.

తాతగారి కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. రేవులో చొక్కా విప్పించి చెయ్యి చూసేవారట. దండమీద మశూచి టీకా మచ్చ ఉంటే సరే, లేకపోతే అక్కడే వరుసలో నిలబెట్టి గీరేవారట. మశూచిని అమ్మవారని పిలిచి, వేపమండలతో సాగనంపే రోజులవి. టీకా అంటే అమ్మవారికి కోపమని భయపడి మచ్చను పసుపుతో కప్పుకొన్నవారు ఊళ్ళో ఉండేవారట. రంగూను పోవాలంటే ఆ మచ్చే సర్టిఫికెట్టు. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడిన తరువాత తాతగారు అందరితోపాటు కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. పెట్టె పోయింది, కూడబెట్టిన డబ్బు పోయింది. మచ్చ ఒక్కటే మిగిలిందని నవ్వుతూ చెప్పేవారట. దానికి పేరు లేదు, తేదీ లేదు, అచ్చుతప్పు పడుతుందనే బెంగ అంతకన్నా లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అరుగుమీద దీపం కింద పెదనాన్నగారి పుస్తకం విప్పాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఆమోదించిన నిబంధనలు 1952 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి దేశాలు దాటేవారి చేతికి ఇటువంటి పుస్తకాలు వచ్చాయి. మశూచి టీకా మూడేళ్ళకు చెల్లేది. కలరా సూది ఆరు నెలలకే చెల్లేది. అందుచేత పెదనాన్నగారి పుస్తకంలో కలరా పుట నిండా ముద్రలే. డాక్టరు సంతకం ఒక్కటే చాలదు, ఆరోగ్యశాఖవారు ఒప్పుకొన్న ముద్ర కూడా పడాలి. ఒకసారి ఆయన పుస్తకంలో సంతకం ఉండి ముద్ర మరుగున పడింది. ఒక పరదేశపు రేవులో తోటివారందరూ ఊరు చూడడానికి దిగితే, ఆయన మాత్రం ఓడ కమ్మీ పట్టుకొని మూడు రోజులు దీపాలు లెక్కపెట్టుకొన్నారట.

మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది: "మీ పెదనాన్న జీతం పోస్టులో వచ్చీది. ఆ పచ్చపుస్తకం మాత్రం నా చీరల కింద ఉండీది. ఇది పోతే అది రాదురా అనీవోరు."

ఆ పుటలు ఇప్పుడు చూస్తే చిత్రంగా ఉంటుంది. కలరా పత్రం అడిగే నిబంధనను 1973లో తీసివేశారు. మశూచి భూమిమీద లేదని 1980 మే నెలలో ప్రకటించారు. ఒకప్పుడు తలుపులు తెరిపించిన కాగితం తరువాత ఎవరికీ అక్కరలేకపోయింది. ఇక ఇటువంటి కాగితాల పని తీరిపోయిందనే చాలామంది అనుకొన్నారు. నేనూ అనుకొన్నాను.

అప్పుడు కరోనా వచ్చింది.

మా మేనల్లుడు 2020 చివర సెలవుమీద ఇంటికి వచ్చాడు. 2021 ఫిబ్రవరిలో కువైట్ ప్రభుత్వం పరదేశీయులకు తలుపు మూసింది. మూడు నెలల సెలవు ఆరు నెలలయింది. అకామా గడువు దగ్గరపడుతున్నది. ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు ఉన్నది. ఆగస్టు 1 నుంచి, తాము ఒప్పుకొన్న టీకాలు పూర్తిగా వేయించుకొన్న అకామాదారులను రానిస్తామని కువైట్‌వారు అన్నారు. వాడు కోవిషీల్డు మొదటి సూది జూన్ నెలలో వేయించుకొన్నాడు. మన దేశంలో రెండవ సూదికి అప్పటి నియమం ప్రకారం 84 రోజులు ఆగాలి. వేళ్ళమీద లెక్కపెట్టుకొంటే సెప్టెంబరు వస్తున్నది. పనిచేసే కంపెనీవారు అంతదాకా ఆగుతారనే నమ్మకం లేదు.

అదృష్టవశాత్తు, చదువులకూ ఉద్యోగాలకూ విదేశాలు వెళ్ళేవారికి 28 రోజుల తరువాత రెండవ సూది వేయవచ్చునని 2021 జూన్ 7న కేంద్ర ఆరోగ్యశాఖ సడలింపు ఇచ్చింది. టోక్యో ఒలింపిక్సుకు వెళ్ళే క్రీడాకారులకు ఏ నియమమో, సోంపేట వెల్డరుకూ అదే నియమం. టీకా పత్రంలో పాస్‌పోర్టు నంబరు ఉండాలని కూడా అందులోనే చెప్పారు. జూలైలో వాడు రెండవ సూది వేయించుకొని, ఫోనులో పత్రం తీసి చూసుకొని, ఆ మరునాటి ఉదయానికి విజయనగరంలో మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"మావయ్యా, పేరు కలవడం లేదు" అన్నాడు. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తెలుగువారి పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. మనకు ఇంటిపేరు ముందు, ఇంగ్లీషువాడికి వెనుక. ఆధార్ కార్డులో ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా కూర్చుంటుంది. పాస్‌పోర్టులో నిలువెత్తున నిలబడుతుంది. శ్రీనివాసరావును ఇంగ్లీషు అక్షరాలలో ఎన్ని విధాల వ్రాయవచ్చునో ఆ శ్రీనివాసుడికే తెలియాలి. టీకా పత్రం ఆధార్‌ను చూసి పుట్టింది. విమానాశ్రయంలో మాత్రం పాస్‌పోర్టుతో సరిచూస్తారు. సరిదిద్దుకొనే సౌకర్యం ఆ జూన్ నెలలోనే కల్పించారు గాని, పేరు మార్చుకొనే అవకాశం ఒక్కసారే. అందులో మళ్ళీ తప్పు దొర్లితే అంతే సంగతులు.

ఇరవై ఏళ్ళుగా పిల్లల జవాబుపత్రాలలో అక్షరదోషాలు దిద్దుతున్నాను. ఆనాడు దిద్దినంత భయంగా ఎన్నడూ దిద్దలేదు. పాస్‌పోర్టు ఒక చేతిలో, ఫోను ఒక చేతిలో పెట్టుకొని వాడు ఒక్కొక్క అక్షరమే చదివాడు. నేను ఒక్కొక్క అక్షరమే వేలితో నొక్కాను. తరువాత ఇద్దరమూ చివరినుంచి మొదటికి చదివాము. చివరి మీట నొక్కేముందు మా ఇంటావిడ వచ్చి మూడవసారి చదివింది. కొత్త పత్రం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. సెప్టెంబరులో వాడు కువైట్ చేరి ఫోను చేశాడు. "అక్షరం అక్షరం చూశారు మావయ్యా" అన్నాడు. అది నాకు వచ్చిన బిరుదులన్నిటిలోకీ పెద్దది.

వాడి పక్కింటి కుర్రవాడికి ఆ అదృష్టం పట్టలేదు. వాడు వేయించుకొన్నది కోవాగ్జిన్. మన హైదరాబాదులో తయారైన మందే. మందులో లోపం లేదు, కుర్రవాడిలో లోపం లేదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన జాబితాలో చేర్చుకొనేసరికి 2021 నవంబరు 3వ తేదీ అయింది. అప్పటికి వాడి వీసా గడువు దాటిపోయింది. ఇప్పుడు పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. కనుమనాడు అరుగుమీద మా పక్కనే కూర్చుని అన్నీ విన్నాడు. "ఆ రోజు ఆస్పత్రిలో ఏది ఉంటే అదే ఏసినారండి. మనం ఎంచుకొన్నామేటి!" అన్నాడు. దానికి ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

పద్యం చెప్పేటప్పుడు మేము ముందు టీక చెబుతాము, తరువాత తాత్పర్యం. టీక అంటే మాటకు మాట అర్థం. తాత్పర్యం అంటే మొత్తం భావం. ప్రయాణికుడి టీకాకు కూడా రెండూ ఉన్నాయి. మాటకు మాట కుదరాలి: పేరు, పుట్టిన తేదీ, మందు పేరు, వేసిన రోజు, ముద్ర. మన పత్రంలో వయస్సే ఉండి పుట్టిన తేదీ లేకపోవడం కూడా 2021లో ఇంగ్లండుతో వచ్చిన పేచీలో ఒక భాగమయింది. తరువాత విదేశాలకు వెళ్ళేవారి పత్రాలలో పూర్తి తేదీ చేర్చారు. తాత్పర్యం సంగతి వేరు. ఒంట్లోని మందును ఏ రేవులోనూ ఎవరూ చూడలేరు. ఒక దేశపు సంతకాన్ని ఇంకొక దేశం నమ్మిందా లేదా అన్నదే అక్కడ చూసేది. ఆ నమ్మకం ఆలస్యమైతే పెద్ద దేశాలు ఉత్తరాలు వ్రాసుకొంటాయి. పక్కింటి కుర్రవాడు జీడిపిక్కలు కొడతాడు.

ఇంతకూ మా మేనల్లుడు పెదనాన్నగారి పుస్తకం ఎందుకు అడిగాడో చెప్పనే లేదు. వాడిప్పుడు నైజీరియా వెళ్ళుతున్నాడు. అక్కడ ఎల్లో ఫీవరు ఉన్నది. పేరు విని పచ్చకామెర్లు అనుకొనేరు, అది కాదు. దోమకాటువల్ల వచ్చే ప్రాణాంతకమైన జ్వరం. ఆ జ్వరం మన దేశంలో లేదు గాని, దానిని మోసే దోమ మన పెరటి కుండీలలోనే ఉన్నది. డెంగీని తెచ్చేదీ అదే. అందుకే టీకా పత్రం లేకుండా ఆ దేశాలనుంచి తిరిగివచ్చేవారిని మనవారే ఆరు రోజులదాకా వేరుగా ఉంచుతారు. కువైట్ తలుపు దగ్గర మనం అడిగించుకొన్న ప్రశ్ననే ఇక్కడ మనం అడుగుతున్నామన్నమాట. ఈ సూది ప్రభుత్వం అనుమతించిన కేంద్రాలలోనే వేస్తారు. పత్రం పది రోజుల తరువాతనే చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి ఒకసారి వేయించుకొంటే జీవితాంతం చెల్లుతుంది. కనుక ప్రయాణం పెట్టుకొన్నవారు టిక్కెట్టు కొనకముందే సూది సంగతి చూసుకోవాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే వ్రాయించుకోవాలి. ముద్ర పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి.

వాడు లోపలికి వెళ్ళి తన కొత్త పుస్తకం తెచ్చి పెదనాన్నగారి పుస్తకం పక్కన పెట్టాడు. అదే పసుపుపచ్చ రంగు. నా చేతికి ఇచ్చి, "ఒకసారి చదవండి మావయ్యా" అన్నాడు.

కళ్ళజోడు సవరించుకొని, పేరు మొదలుకొని ముద్రదాకా, ఒక్కొక్క అక్షరమే పైకి చదివాను. అన్నీ సరిగా ఉన్నాయి. మా అప్ప రెండు పుస్తకాలనూ తీసుకొని పోయి తన చీరల కింద దాచింది.